పటాల అంగడి కళ్ళు

మా పై పోర్షన్‌లో అద్దెకుండే శిరీష పోయిన ఆదివారం మధ్యాహ్నం కిందికి వచ్చి, తన బొమ్మల పుస్తకాన్ని నా మంచం మీద పడేసి పక్కనే కూలబడింది. ఆ అమ్మాయిది నెల్లూరు. హోసూరుకు వచ్చి రెండేళ్ళయింది. జూజువాడి దగ్గర ఏదో కంపెనీలో ఉద్యోగం. వారమంతా కంప్యూటరు ముందు కూర్చుని విసుగెత్తి ఆదివారాలు బొమ్మల క్లాసులో చేరింది. ఆ రోజు టీచరు ఒకమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టి, కాగితం వైపు చూడకుండా, పెన్సిలు ఎత్తకుండా ఆమె ముఖం గీయమన్నదట. ముక్కు చెవి దగ్గరికి పోయింది, గడ్డం పేజీ అంచు దాటిపోయింది. ఫోన్‌లో ఫొటో పెట్టుకుంటే అచ్చు గుద్దినట్టు గీస్తాను కదా ఆంటీ, ఈవిడ నా చేతిని పాడుచేస్తోంది అని శిరీష మొరపెట్టుకుంది.

ఆ బొమ్మను చూశాను. వంకరగా ఉంది గానీ అందులో నిజంగా ఎవరో అమ్మాయి ఉంది, నన్నెప్పుడు లేవనిస్తారా అని చూస్తూ. ఆ మాట శిరీషకు చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. కాఫీ ఇచ్చి పంపేశాను. ముప్పై ఏళ్ళకు పైగా బడిపిల్లలకు అదే మాట చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. ఇప్పుడు ఎవరైనా వచ్చి ఏదైనా నేర్పమంటే, నేర్పడానికి ముందే అలసట వచ్చేస్తుంది. ఆ పిల్ల పైకి వెళ్ళాక ఫ్యాను కింద పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. ఆమెకు చెప్పని సంగతి ఇక్కడ రాస్తున్నాను. రాయడం కొంచెం నయం, మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకోవచ్చు.

కృష్ణగిరిలో పాత బస్టాండు వెనక వీధిలో మా నాయనకు పటాల అంగడి ఉండేది. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒక గోనెపట్టా తెర. దేవుళ్ళ పటాలకు అద్దం వేసి చట్రం బిగించడం పైకి కనిపించే పని. అసలు పని చనిపోయినవాళ్ళ పటాలు గీయడం. మా వైపు పల్లెల్లో ఆ రోజుల్లో చాలామందికి బతికుండగా తీసిన ఫొటో ఒక్కటీ ఉండేది కాదు. మనిషి పోయాక స్టూడియో ఆయనను పిలిపించి, శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, దవడకు గుడ్డ కట్టి, నుదుట బిళ్ళ పెట్టి, మాల వేసి, ఇంటివాళ్ళంతా చుట్టూ నిలబడి ఫొటో తీయించుకునేవాళ్ళు. ఆ ఫొటో తెచ్చి నాయన చేతిలో పెట్టేవాళ్ళు. ఆ మనిషిని మళ్ళీ లేపి కూర్చోబెట్టడం నాయన పని. గళ్ళు గీసి ముఖం పెద్దది చేసి, దవడ గుడ్డ తీసేసి, మాల తీసేసి, చొక్కా తొడిగి, చివరికి కళ్ళు తెరిపించాలి. పుట్టినప్పటి నుంచి చొక్కా ఎరగని గొర్రెల కాపరికి కూడా కాలరు చొక్కా పడేది. మా అబ్బకు వాచీ పెట్టప్పా అని అడిగినవాళ్ళు ఎందరో. ముసలమ్మల మెడలో ఎన్నడూ లేని కాసులదండ వేయించేవాళ్ళు. నాయన దేనికీ కాదనేవాడు కాదు. పక్కింటి టైలరు మాత్రం, నేను కుట్టినవాటి కంటే నువ్వు తొడిగించిన చొక్కాలే ఎక్కువ అని నాయనను ఎప్పుడూ ఆటపట్టించేవాడు.

మా ఇల్లంతా దీపపు మసి. ఆముదం దీపం మీద మట్టి మూకుడు బోర్లించి పట్టిన మసిని నాయన సీసాల్లో దాచేవాడు. దాన్నే దూదితో, పొడి కుంచెతో కాగితం మీద అద్దేవాడు. అమ్మ సంకటి కెలికేటప్పుడు ఆవిరి తెర దాటి వచ్చి మసిని చెమ్మ చేస్తుందని ఆయన కసిరేవాడు. ఆ మసి వచ్చి సంకటి మీద పడుతోందని అమ్మ గొణిగేది. నాకు తెలిసి వాళ్ళిద్దరి మధ్య అంతకు మించిన పోట్లాట లేదు, అంతకు మించిన మాటలూ లేవు. మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీల నుంచి వచ్చే తీపి పులుపు వాసన వీధంతా నిండి, అన్నంలో కూడా అదే వాసన వచ్చేది. ఇప్పటికీ మామిడిపండు ముక్కు దగ్గర పెట్టుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది మసి.

కళ్ళు గీసే రోజు నాయన పొద్దున్నే స్నానం చేసి, ఏమీ తినకుండా, అంగడి తలుపు మూసుకునేవాడు. ఆ అరగంట ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కాకూడదు. నాకు పదేళ్ళప్పుడే ఆ కళ్ళు గీయడం నేర్పాడు. పై రెప్ప ఎంత వంగాలి, కింది రెప్ప ఎంత సన్నగా ఉండాలి, నల్లగుడ్డులో గడియారంలో పది అంకె ఉండేచోట బ్లేడు మొనతో ఎట్లా గీకితే తెల్లచుక్క వస్తుంది, అన్నీ. గుండ్రని కళ్ళు, కాస్త పైకి చూసేవి, ఎవరినీ తప్పుపట్టనివి. మా అంగడిలో ఇంకో కట్టుబాటు ఉండేది. బతికున్న మనిషిని గీయకూడదు. ఇక్కడ గీసిన ముఖానికి మాల పడి తీరుతుందని అమ్మ భయం. చిన్నప్పుడు ఒకసారి, పొయ్యి ముందు కూర్చున్న అమ్మను బొగ్గుతో గోడ మీద గీశాను. ఆమె పేడనీళ్ళతో అలికేసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

డ్రాయింగ్ పరీక్ష పాసైతే బడిలో టీచరు ఉద్యోగం వస్తుందని ఎవరో నాయనకు చెప్పారు. హోసూరులో రిటైరైన ఒక డ్రాయింగ్ మాస్టరు ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆదివారాలు క్లాసు చెబుతాడని ఆయనే వెతికి కనుక్కున్నాడు. అప్పటికి నాకు పందొమ్మిది దాటాయి. నాయన చెయ్యి వణకడం అప్పటికే మొదలైందన్న సంగతి నాకు తెలియదు. అంగడి ఎక్కువ రోజులు నడవదని ఆయనకు తెలిసిపోయి, నాకొక దారి చూపిద్దామనుకున్నాడని ఇప్పుడు అనుకుంటాను. ప్రతి ఆదివారం పొద్దున్నే నాతో బస్టాండు దాకా నడిచి వచ్చి, బస్సు కదిలేదాకా కిటికీ కింద నిలబడేవాడు. నేను ఒళ్ళో ఉన్న కాగితాల చుట్టను సర్దుకుంటూ ఉండేదాన్ని.

మొదటి రోజు మాస్టరు, భాగ్య అనే అమ్మాయిని స్టూలు మీద కూర్చోబెట్టి గీయమన్నాడు. మిగతావాళ్ళు రబ్బరుతో చెరుపుకుంటూ తంటాలు పడుతుంటే నేను గబగబా గీసేశాను. ముఖం నునుపుగా వచ్చింది, నీడలు చక్కగా పడ్డాయి. నేను పుట్టిపెరిగిందే ఆ పనిలో కదా అని లోలోపల పొంగిపోయాను. అందరూ చుట్టూ మూగారు. భాగ్య వచ్చి చూసి, "ఏందక్కా, నన్ను చంపేసినావే" అంది. అందరూ నవ్వారు. మాస్టరు నవ్వలేదు. ఆయన ఆ కాగితాన్ని వెలుగులోకి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈ కండ్లు ఎవురు నేర్పినారమ్మా నీకు?"

మా నాయన అని చెప్పాను.

"బాగా నేర్పినాడు. అయితే ఇవి ఈ పాప కండ్లు కాదు. నువ్వు ఆ పక్క తలెత్తనే లేదు. చేతికి తెలిసింది గీసేస్తివి."

ఆ మాటకు నాకు ఏడుపు వచ్చింది. బస్సులో తిరిగి వస్తూ, వచ్చే వారం నుంచి పోకూడదని అనుకున్నాను. ఇంటికి వచ్చి తెర తీస్తే గోడకు ఆనించి నాలుగు పటాలు ఆరుతున్నాయి. ఒక రైతు, ఒక ముసలమ్మ, పెళ్ళి కాకుండా పోయిన ఒక పిల్లవాడు, ఊత్తంగరై నుంచి ఎవరో పెద్దాయన. పుట్టినప్పటి నుంచి చూస్తున్నవాటినే ఆ రోజు మొదటిసారి చూశాను. నలుగురివీ ఒకే జత కళ్ళు. చుట్టుపక్కల ఎన్ని పల్లెల్లో, ఎన్ని ఇళ్ళ గోడల మీద ఈ కళ్ళే ఉన్నాయో అని అప్పుడు తట్టింది. మళ్ళీ ఆదివారం హోసూరు బస్సు ఎక్కాను.

ఆ తర్వాత మాస్టరు నా చేతిని విరిచినంత పని చేశాడు. గళ్ళు వద్దన్నాడు, స్కేలు వద్దన్నాడు, మసి ముట్టుకోవద్దన్నాడు. ఎడమ చేత్తో గీయమన్నాడు. కాగితం చూడకుండా గీయమన్నాడు, అచ్చం శిరీష టీచరు మాదిరే. ఒకసారి మమ్మల్నందరినీ సంతకు తీసుకుపోయి మేకలను గీయమన్నాడు. మేక నిలబడదు. కాలు గీసేలోపల తల తిప్పుతుంది, తల గీసేలోపల నా కాగితం నమలడానికి వస్తుంది. మేకలు అమ్మే ఆయన మా తంటాలు చూసి, దీన్ని కొనుక్కుపోయి కట్టేసుకుని గీసుకోండమ్మా అన్నాడు. పొద్దంతా ఎండలో నిలబడి పది కాగితాలు పాడుచేస్తే, ఒకదాంట్లో మెడ దగ్గర ఒకే ఒక్క గీత ప్రాణంతో వచ్చింది. ఆ గీతను బస్సులో ఎన్నిసార్లు తీసి చూసుకున్నానో. నా జీవితంలో సంతోషం అని గట్టిగా చెప్పుకోగలిగిన రోజుల్లో అదొకటి.

ఇంటి పని కూడా ఇచ్చాడు. ఇంట్లో ఒక మనిషిని ఎంచుకుని రోజూ గీసి తెమ్మన్నాడు. అందరూ తెచ్చేవాళ్ళు, నేను తప్ప. మా ఇంట్లో అది కుదిరే పనా. అమ్మను అడిగితే నా నోరు మూయించింది. నాయనను అడిగాను. ఆయన కుంచె కడుగుతూ, బతికినోళ్ళకు పటం ఏంటికి పాపా, ఎదురుగా ఉండారు కదా చూసుకొనేదానికి అన్నాడు. నేను వీధి కుక్కలను, టైలరు మిషన్ను గీసి తీసుకుపోయాను. మాస్టరు వాటినీ దిద్ది ఇచ్చేవాడు గానీ, మనిషి బొమ్మ కోసం ప్రతివారం ఎదురుచూసేవాడు.

అట్లా ఏడాది గడిచాక సామల్పట్టి పక్క పల్లె నుంచి మునియప్ప ఫొటో వచ్చింది. ఆయన గొర్రెల కాపరి. ఎండాకాలం మంద తోలుకుని మా వైపు పొలాల్లో దింపేవాడు. అప్పుడప్పుడు మా అంగడి గడప మీద కూర్చుని చెంబుడు మజ్జిగ తాగి, గోడమీది పటాలను చూసి ఈళ్ళంతా నన్నే చూస్తా ఉండారే అని నవ్వి పోయేవాడు. ఆయనకు ఒక కన్ను చిన్నది. ఎండలో మందను చూసి చూసి రెండు కళ్ళూ ఎప్పుడూ చికిలించుకునే ఉండేవి. ఫొటోలో మాత్రం కుర్చీలో, కళ్ళు మూసుకుని ఉన్నాడు. నాయన ముఖమంతా పూర్తిచేసి, ఆ పొద్దున స్నానం చేసి తలుపు మూశాడు. కాసేపటికి తలుపు తీసి, ఈ పొద్దు నువ్వు తెరిపించు పాపా అన్నాడు. చెయ్యి వెనక్కు పెట్టుకుని అన్నాడు. నాకు అప్పుడు అర్థమైంది.

నేను మునియప్ప కళ్ళే గీశాను. చిన్న కన్ను చిన్నగా, చికిలింత, మూలల్లో ముడతలు, నవ్వబోయే ముందు ఉండే ఆ వాలకం. మూడు గంటలు పట్టింది. మరునాడు ఆయన భార్య, ఇద్దరు కొడుకులు వచ్చారు. ఆమె పటాన్ని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గడప మీద కూర్చుండిపోయింది. మొగుడు పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదని తర్వాత ఎవరో చెప్పారు. పెద్ద కొడుకు ముఖం మాడిపోయింది. వాడు రాళ్ళ క్వారీలో పనిచేసేవాడు. మా నాయనకు కన్ను చిన్నదని వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ చూపించల్లనా, అందరికీ పెట్టే కండ్లే మాకూ పెట్టప్పా అన్నాడు. నాయన రేపు రమ్మన్నాడు. పొద్దున్నే రబ్బరుతో నేను గీసిన కళ్ళను తుడిచేసి, వణికే కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని తన కళ్ళు పెట్టాడు. కొడుకులు సంతోషంగా పటం ఎత్తుకున్నారు. ఆమె కూడా ఒకసారి చూసి, బాగుండాది అని కొంగు సర్దుకుని వాళ్ళ వెంట నడిచింది.

వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, నేను నాయన మీద విరుచుకుపడ్డాను. అంతకు ముందెన్నడూ ఆయన ఎదుట గొంతు లేపలేదు.

"ఆయమ్మ గుర్తుపట్టింది నాయనా. అందుకే ఏడ్చింది."

"ఏడిపించేదానికా మనం గీసేది? ఆయమ్మ దినమూ ఆ పటం కింద కూర్చొని తినల్ల."

"నువ్వు ఇన్నేండ్లుగా ఒకే మనిషిని గీస్తా ఉండావు. ఎవుర్నీ చూడనే లేదు."

నాయన కుంచె తుడిచి డబ్బాలో పెట్టాడు. తర్వాత మెల్లగా, "అవి ఎవురివీ కాదు పాపా. అందుకే అందరికీ సరిపోతాయి" అన్నాడు. నేను గెలిచాననుకున్నాను. ఆ వయసులో ఎదుటివాడు గొంతు తగ్గిస్తే గెలిచినట్టే అనిపిస్తుంది. ఆ గెలుపును తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

రెండు వారాలు ఇద్దరం ముభావంగా తిరిగాం. ఒక ఆదివారం పొద్దున నేను బయలుదేరుతుంటే నాయన అప్పుడే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని అంగడిలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ పెరట్లో ఉంది. "ఈ పొద్దు నన్ను గీయి పాపా. మీ సారుకు చూపించు" అన్నాడు. నాకు లోపల ఇంకా కోపం ఉంది, దానికి తోడు బస్సు టైము. క్లాసుకు ఆలస్యమవుతుంది నాయనా, వచ్చే వారం చూద్దాం అన్నాను. సరే అని లేచి, చెప్పులు తొడుక్కుని, ఎప్పటిలాగే నాతో బస్టాండు దాకా వచ్చాడు. మనిషిని ఎట్లా చూడాలో నేర్చుకోవడానికి బస్సెక్కి పోయాను, కిటికీ కింద నిలబడ్డ మనిషిని చూడకుండా.

మరుసటి వారం నేనే అడగడానికి బెట్టు అడ్డం వచ్చింది. ఆయనే మళ్ళీ అంటాడులే అనుకున్నాను. ఆయన అనలేదు. తర్వాత పరీక్ష దగ్గరపడింది. పరీక్ష అయ్యేసరికి నాయనకు జ్వరం మొదలైంది, తగ్గడం, మళ్ళీ రావడం. రోజంతా మంచం పక్కనే ఉన్నాను, చేతికి అందేంత దూరంలో కాగితం, పెన్సిలు ఉన్నాయి. కానీ మా ఇంట్లో, జబ్బుపడ్డ మనిషి ఎదుట కాగితం పెట్టుకుని కూర్చుంటే దానికి ఒకటే అర్థం. అమ్మ ఏమైపోతుంది, నాయన ఏమనుకుంటాడు. రేపు లేచి కూర్చున్నాక గీద్దాం అని రోజులు జరిపాను. ఆయన లేచి కూర్చోలేదు.

ఫొటో ఆయన వచ్చి కుర్చీ వేయించాడు. ఊళ్ళో సగం మందికి పటాలు గీసిన మనిషికి బతికుండగా తీసిన ఫొటో ఒక్కటీ లేదు. దవడకు గుడ్డ కట్టారు, మాల వేశారు, అమ్మా నేనూ చెరోపక్క నిలబడ్డాం. పటం గీయవలసింది నేనే. ముఖమంతా అయ్యాక, ఆయన చేసినట్టే స్నానం చేసి, ఏమీ తినకుండా తలుపు మూశాను. హోసూరులో నేర్చుకున్నదంతా తలుచుకున్నాను. కళ్ళు మూసుకుంటే నాయన చేతులు కనిపించాయి, గోళ్ళలో మసి, వంగిన మెడ, చెవి మీద పెట్టుకున్న పెన్సిలు. కళ్ళు మాత్రం రాలేదు. ఆయన ఎప్పుడూ కాగితం మీదికి వంగి ఉండేవాడు, నేను ఎప్పుడూ ఆయన చేతిని చూసేదాన్ని. మధ్యాహ్నం దాకా కూర్చుని, చివరికి చేతికి తెలిసింది గీసేశాను. గుండ్రని కళ్ళు, కాస్త పైకి చూసేవి, పది అంకె ఉండేచోట తెల్లచుక్క. వచ్చినవాళ్ళంతా అచ్చం మీ నాయనే అన్నారు. టైలరు కూడా అన్నాడు.

పరీక్ష పాసయ్యాను. ఊత్తంగరై దగ్గర బడిలో ఉద్యోగం వచ్చింది. అంగడి మూసేసి అమ్మను నాతో తెచ్చుకున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు చూసి గీయండి, చూసి గీయండి అని చెబుతూ బతికి, రిటైరయ్యాక హోసూరు చేరాను. ఇప్పుడు పటాల అంగళ్ళు లేవు, వాటి అవసరమూ లేదు. ప్రతివాడి ఫోన్‌లో బతికున్న మనిషి ఫొటోలు వేలకొద్దీ ఉన్నాయి. మూసిన కళ్ళను తెరిపించడానికి కంప్యూటరు ఉంది, రెప్పలు కూడా ఆర్పిస్తుందట. శిరీష చూపించింది, వాళ్ళ తాతను. బాగానే ఉంది. అప్పటికీ ఇప్పటికీ ఏది మేలో తేల్చేంత ఓపిక నాకు లేదు. అంత సులువుగా అన్నీ దొరికే ఈ కాలంలో కూడా ఆ పిల్ల ఆదివారం పూట బస్సెక్కి పోయి ఒక ముఖాన్ని గీయలేక విసుక్కుంటోంది. అది కొంచెం ఊరటగా ఉంది.

అమ్మ పోవడానికి రెండేళ్ళ ముందు, చలికాలం, ఇద్దరం వాకిట్లో కూర్చుని నానబెట్టిన అనపగింజలను తొక్క ఊడేట్టు పితుకుతున్నాం. అన్నేళ్ళుగా అడగలేనిది ఆ రోజు ఎందుకో నోరు జారి అడిగేశాను. పటంలో ఉన్నవి నాయన కళ్ళు కావు కదమ్మా, నిజానికి ఆయన కళ్ళు ఎట్లా ఉండేవి అని. ఆమె చెయ్యి ఆగింది.

"నాకేం తెలుసు పాపా. ఆయన ముందర తలెత్తి నిలబడినదాన్నా నేను? చూసేది నేర్చుకొనేదానికి హోసూరుకు పోతా ఉంటివి కదా, నువ్వు చూసుంటావనుకొంటి."

ఆమె మళ్ళీ గింజలు పితకడం మొదలుపెట్టింది. నేనూ గిన్నె దగ్గరికి జరుపుకుని పితికాను.